తెల్వని మనిషికి సాయం చేసుడెట్ల? మన వరంగల్ల రోజూ అక్కరకొచ్చే పద్ధతులు

నాలుగేండ్ల కింద మా అమ్మకు నడిరాత్రి కడుపునొప్పి లేస్తే తెల్లారంగనే ఆటోల ఏసుకొని ఒక పెద్ద దవాఖానకు తీస్కొచ్చిన. నేనొక్కన్నే. అమ్మ బెంచీ మీద ముడుచుకొని పడుకుంది, ఓపీ చిట్టి రాయించే లైన్ చూస్తే వరండా దాటి బయటికొచ్చింది, అమ్మను ఇడిసిపెట్టి లైన్ల నిలబడుదామంటే మనసొప్పదు, అమ్మ కాడ కూసుందామంటే చిట్టి రాదు, చిట్టి లేంది డాక్టర్ చూడడు. అటు రెండడుగులు, ఇటు రెండడుగులు ఏస్తున్న. అప్పుడు లైన్లున్న ఒక పెద్దమనిషి, మెడల ఎర్ర తువ్వాల, చేత్తోని సైగ చేసి పిలిచి "తమ్మీ, అమ్మ పేరు, వయసు చెప్పు, నా చిట్టితోని మీదిగూడ రాయిస్త, నువ్వు పోయి అమ్మ కాడ కూసో" అన్నడు. గంటసేపటికి వచ్చి చిట్టి నా చేతుల పెట్టి, "ఎడమ దిక్కు పో, మెట్ల పక్క రూమ్, చెప్పులు బయట ఇడువు" అని చెప్పి తన మనిషి కాడికి తను పోయిండు.

ఆయన పేరు నేను అడగలే, మాదే ఊరో ఆయన అడగలే. గని ఆయన చేసిన తీరు మాత్రం ఇప్పటికీ యాదికొస్తది. అమ్మకు ఏమైందని పదిమందిల అడగలే, గిట్ల ఒక్కనివే వస్తరా అని కోప్పడలే. తనకు ఎట్లాగూ లైన్ల నిలబడే పనుంది, అందులనే నా పని కలుపుకున్నడు, సగంల ఇడువకుండ చేసిండు, తర్వాత ఎటు పోవాల్నో చెప్పిండు, పోయిండు. సాయం చెయ్యాలని మస్తు మందికి ఉంటది, ఎట్ల షురూ చెయ్యాలె, ఏమనుకుంటరో, మనమీదికి ఏమన్న వస్తదో అని ఆగిపోతరు. అట్ల ఆగిపోయేటోళ్ల కోసం నాకు తెల్సినంత మట్టుకు రాస్తున్న.

ముందు చూసుడు, తర్వాత అడుగుడు

హనుమకొండ బస్టాండ్ల ఐదు నిమిషాలు ఊకనే నిలబడి చూడండి, ఎవరికి అక్కరుందో కండ్లకు కనవడ్తది. వచ్చిన ప్రతి బస్సు కాడికి ఉరికి కండక్టర్‌ను అడిగి మళ్ల ఎనుకకు వచ్చే అవ్వ ఉంటది, ఆమెకు బోర్డు చదువ రాదు. చేతుల కాయితం పట్టుకొని ఎవరిని అడగాల్నా అని ఒక్కొక్కరి మొకం చూసే తాత ఉంటడు. ఫోన్ చెవికి పెట్టుకొని "దిగిన, దిగిన, ఏడికి రావాలె" అనుకుంట సుట్టూ తిరిగే పిల్ల ఉంటది.

దగ్గరికి పోయి "అవ్వా, ఏ ఊరికి పోవాలె?" అంటే చాలు. వరుస కలిపి పిలిస్తే సగం భయం అక్కడనే పోతది, పెద్దోళ్లను అవ్వా, తాతా, బాపూ అనండి, మీ ఈడోళ్లను అన్నా, అక్కా అనండి. "చదువు రాదా?" అని మాత్రం ఎన్నడూ అడగొద్దు. చిన్నప్పుడు పత్తి చేన్లకు, పశువుల కాడికి తోలిన పిల్లకు చదువు రాకపోతే ఆమె తప్పేముంది. నేనైతే "అద్దాలు మర్శిపోయినవా అవ్వా, నేను చూస్త తియ్యి" అంట. ఆమెకూ తెల్సు నాకూ తెల్సు, గని నలుగుట్ల ఆమె ఇజ్జత్ ఉంటది.

కాయితం గుంజుకోవద్దు. ఆ ప్లాస్టిక్ కవర్ల ఆమె ఆధార్, పాస్‌బుక్, దవాఖాన చిట్టీలు, దాచుకున్న నాలుగు పైసలు అన్నీ ఉంటయి, తెల్వని మనిషి అది పట్టుకుంటే ఆమె గుండె గుభేలంటది. ఆమె చేతులనే ఉంచి మీరు వంగి చదవండి.

వద్దు బిడ్డా అంటే సరే అని ఊకోండి, రెండోసారి జబర్దస్తీ చెయ్యొద్దు. మొగోళ్లు ఇంకో సంగతి యాదుంచుకోవాలె, పొద్దుగూకినంక ఒక్కతే ఉన్న ఆడపిల్లకు సాయం చెయ్యాలనుకుంటే రెండు మూడు చేతుల దూరం ఉండి, లైటు కింద, నలుగురికి వినవడేటట్టు మాట్లాడండి. "నేను బండి మీద దింపుత" అనే మాట మీరు మంచిమనసుతోని అన్నా ఆమెకు భయమే. దగ్గర్ల ఉన్న మెడికల్ షాపునో, పిల్లలతోని ఉన్న అక్కనో చూపియ్యండి, 112 నంబర్ చెప్పండి. ఆమె అనుమానంగ చూసిందని మనసుకు తీసుకోవద్దు, ఆమె జాగ్రత్త ఆమెది.

తొవ్వ చెప్పుడు

తెల్వకుంటే తెల్వదని చెప్పుడే పెద్ద సాయం. మనోళ్లకు ఒక అలవాటుంది, తెల్వకున్నా "గట్ల సీదా పో" అంటరు, పాపం ఆ ఎండల ఆయన కిలోమీటర్ నడిచి మళ్ల తిరిగొస్తడు.

మనది మూడూర్లు అతుక్కున్న ఊరు, కొత్తగ వచ్చినోళ్లు ఎక్కువ ఆగమయ్యేది ఇక్కడనే. హనుమకొండ బస్టాండ్ వేరు, వరంగల్ బస్టాండ్ వేరు. స్టేషన్లు గూడ రెండు, కాజీపేట ఒకటి, వరంగల్ ఒకటి, నడుమ పది కిలోమీటర్ల దాక ఉంటది. సికింద్రాబాద్ దిక్కుకెళ్లి వచ్చే లైన్ కాజీపేట కాడ చీలి ఒకటి బల్లార్షా మీదుగ ఢిల్లీ దిక్కు, ఇంకోటి వరంగల్ మీదుగ విజయవాడ దిక్కు పోతది. అందుకే సికింద్రాబాద్ల బయలెల్లి ఢిల్లీ దిక్కు పోయే బండి కాజీపేటల ఆగుతది గని వరంగల్ స్టేషన్ల ఎంత సేపు కూసున్నా రాదు. ఎవరన్న సంచులు పట్టుకొని "స్టేషన్ ఎటు" అని అడిగితే చెయ్యి చూపకండి, ముందు "టికెట్ చూపియ్యి అన్నా" అనండి. టికెట్ మీద కేజెడ్‌జే అని ఉంటే కాజీపేట, డబ్ల్యూఎల్ అని ఉంటే వరంగల్. అర నిమిషం పని, గని ఆ ఇంటోళ్ల మొత్తం ప్రయాణం నిలబడ్తది. అనుమానం ఉంటే 139కి కొట్టి అడిగితే బండి సంగతి చెప్తరు.

కలెక్టరాఫీసుల పనిమీద వచ్చినోళ్లకు గూడ ఇదే తిప్పలు. 2021ల జిల్లాల పేర్లు మార్చిండ్రు, వరంగల్ అర్బన్ హనుమకొండ జిల్లా అయింది, రూరల్ వరంగల్ జిల్లా అయింది. ఎవరన్న "వరంగల్ కలెక్టరాఫీస్" అని అడిగితే మీది ఏ మండలం అని ఒక మాట అడిగి చెప్పండి.

తొవ్వ చెప్పేటప్పుడు తూర్పు, పడమర అనొద్దు, మీటర్లు అనొద్దు. పెట్రోల్ బంకు, వేపచెట్టు, బట్టల షాపు, గుడి, ఇట్ల కండ్లకు కనవడేటియి రెండే చెప్పండి, మూడోది చెప్తే మొదటిది మర్శిపోతరు. చెప్పినంక "ఏది, ఎట్ల పోతవు చెప్పు" అని వాళ్లతోని ఒక్కసారి అనిపియ్యండి. బస్సు ఎక్కిచ్చేదుంటే ఎక్కిచ్చి వచ్చుడు కాదు, కండక్టర్‌కు "ఈ అవ్వ ములుగుల దిగాలె, జర చెప్పన్నా" అని చెప్పండి, పక్క సీట్ల ఉన్నోళ్లకు గూడ చెప్పండి. 2023 డిసెంబర్ నుంచి ఆడోళ్లకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులల్ల టికెట్ పైసలు లేవు గని తెలంగాణ అడ్రస్ ఉన్న ఆధార్ అసొంటిది ఏదన్న ఒరిజినల్ కార్డు చూపియ్యాలె, అది సంచి అడుగుల ఉంటే బస్సు రాకముందే పైకి తీసి పెట్టుకొమ్మనండి.

బ్యాంకుల ఫారం రాసిచ్చుడు

ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైన పని. పింఛన్ పడ్డ రోజులల్ల ఏ బ్యాంకుకు పోయినా విత్‌డ్రా ఫారం చేతుల పట్టుకొని "బిడ్డా, జర రాసియ్యవా" అని అడిగే పెద్దోళ్లు పదిమంది ఉంటరు. పాస్‌బుక్‌ను బల్ల మీద వాళ్ల ముందటనే పెట్టుమని, అకౌంట్ నంబర్ ఒక్కొక్క అంకె పైకి చదువుకుంట రాయండి. ఎంత తియ్యాలె అని మెల్లగ అడగండి, పక్కోళ్లకు వినవడొద్దు. రెండు వేలు అంటే అంకెల్ల రాయాలె, అక్షరాల రాసి చివరికి మాత్రమే అని పెట్టాలె, అంకెలకు ముందట జాగ ఇడువొద్దు. సంతకం వాళ్లే పెట్టాలె, వేలిముద్ర అయితే కౌంటర్ల బ్యాంకోళ్ల ముందట ఏపియ్యాలె, మీరు పట్టి ఏపియ్యొద్దు. రాసుడైనంక ఒకసారి మొత్తం చదివి వినిపియ్యండి, పాస్‌బుక్ చేతుల పెట్టండి, పైసలు లెక్కపెట్టుమంటే వాళ్ల ఎదురుగనే, వాళ్ల చేతులనే లెక్కపెట్టియ్యండి.

ఏటీఎం కాడ లెక్క వేరు. అక్కడ కార్డు ముట్టుకోవద్దు, పిన్ వినొద్దు. కొందరు పెద్దోళ్లు పిన్ కాయితం మీద రాసుకొని మన చేతుల పెడ్తరు, అంత నమ్మకం. "తాతా, ఇది నాకుగూడ చెప్పొద్దు" అని అప్పుడే మడిచి ఆయన జేబుల పెట్టి, లోపట బ్యాంకు సార్ కాడికి తోల్కపోండి. రేపు ఇంకెవడో మోసం చేసే మనిషి అడిగినప్పుడు ఆ మాట ఆయనకు యాదికొస్తది.

దవాఖాన కాడ

వరంగల్ల ఉన్న పెద్ద సర్కారు దవాఖాన ఎంజీఎంకు మన జిల్లాలోళ్లే కాదు, భూపాలపల్లి, ములుగు, మానుకోట అడవుల దిక్కుకెళ్లి గూడ వస్తరు, గోదారి అవుతలి నుంచి వచ్చేటోళ్లూ ఉంటరు, కొందరికి మన తెలుగు సక్కగ రాదు, కోయ మాట్లాడ్తరు. అసొంటోళ్లతోని గట్టిగ అరిస్తే అర్థం కాదు, మెల్లగ చెప్పి చేత్తోని చూపియ్యాలె, లేకపోతే వెంట పదడుగులు నడిచి ఆ తలుపు కాడ నిలబెట్టి రావాలె.

తినేటియి ఇచ్చేముందు ఆగండి. మంచం మీదున్న మనిషికి అరటిపండు, బ్రెడ్డు, పాలు ఇస్తే పుణ్యమనుకుంటం, గని ఆపరేషన్ ఉన్నోళ్లు తినొద్దు, షుగర్ ఉన్నోళ్లకు వేరే లెక్క, నర్సమ్మను అడగంది పేషెంట్ నోట్ల ఏదీ పెట్టొద్దు. ఆకలితోని ఉండేది ఎక్కువ మట్టుకు వాళ్ల వెంట వచ్చినోళ్లే, మంచం ఇడిసి పోతే డాక్టర్ వస్తడేమో అని పొద్దంత చాయ్ గూడ తాగరు. "నేను ఇక్కడ అరగంట కూసుంట, నువ్వు పోయి నాలుగు ముద్దలు తినిరా అక్కా" అనండి. పైసలు ఇచ్చుడుకంటే ఇది ఎక్కువ అక్కర. ఆ అరగంటల డాక్టర్ వస్తే ఏం చెప్పిండో కాయితం మీద రాసిపెట్టండి, మీకు అర్థమైంది చెప్పుడు కాదు, ఆయన అన్న మాటే.

రక్తం ఇయ్యాలనుకుంటే 18 నుంచి 65 ఏండ్ల నడుమ ఉండాలె, బరువు 45 కిలోలకు తగ్గొద్దు, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలె. మొగోళ్లు మూడు నెలలకు ఒకసారి, ఆడోళ్లు నాలుగు నెలలకు ఒకసారి ఇయ్యొచ్చు. ఖాళీ కడుపుతోని పోవద్దు, రాత్రి నిద్ర ఉండాలె. ఇచ్చినంక ఆ ఇంటోళ్లు ఆటో కిరాయి అని పైసలు పెట్టబోతే తీసుకోవద్దు, పాపం ఇయ్యకుంటే బాగుండదని అప్పు చేసి గూడ ఇస్తరు కొందరు.

ఎండకాలం

మనకాడ మే నెలల 44, 45 డిగ్రీలు కొడ్తది. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు తెచ్చే రైతులు, హమాలీలు, రోడ్డు పక్కన చెరుకురసం బండ్లోళ్లు, వీళ్లంత ఆ ఎండలనే. మీ ఇంటి ముందట, షాపు ముందట ఒక నీళ్ల రంజన్ పెట్టండి చాలు, పెద్ద టెంటు, బ్యానర్ ఏమొద్దు. చెట్టు నీడల, కింద తడి ఇసుక పోసి, సుట్టూ తడిపిన గోనెసంచి చుట్టి, మూత పెట్టి, నీళ్లల్ల చెయ్యి పడకుండ పొడుగు కాడ గరిటె పెట్టండి. రోజు పొద్దుగాల పాతనీళ్లు పారబోసి లోపట రుద్ది కడగాలె. శివరాత్రి దాటంగనే షురూ చేసి మిరుగు వానలు పడేదాక నడపాలె, ప్రారంభం నాడు ఫొటో దిగి వారానికి ఎండిపోయిన రంజన్లు మనం శానా చూసినం, దప్పికైన మనిషి ఆశతోని వచ్చి ఖాళీ కుండ చూసుడు అసలు కుండ లేనిదానికంటే బాధ.

గిలాసలు పెట్టండి. కొందరు పెద్దోళ్లు నీళ్లు పొయ్యంగనే అలవాటుగ దోసిలి పడ్తరు, ఆ అలవాటు ఎందుకైందో మన ఊర్లల్ల అందరికీ తెల్సు. పై నుంచి పొయ్యొద్దు. గిలాస నింపి చేతికి ఇయ్యండి, "తాగు బాపూ" అనండి.

వడదెబ్బ తగిలిన మనిషి మాట తడబడ్తడు, ఒళ్లు పెనంలెక్క కాలుతది, కండ్లు తిరిగి పడిపోతడు. 108కి కొట్టి, నీడకు మోసుకపోయి, బట్టలు వదులు చేసి, మెడ, చంకలు, గజ్జల కాడ తడిగుడ్డ పెట్టి విసరాలె. సోయి లేకుంటే నోట్ల చుక్క నీళ్లు పొయ్యొద్దు, ఊపిరితిత్తులకు పోతయి. సోయిల ఉండి నీరసమే అయితే ఓఆర్‌ఎస్ ఇయ్యండి, పెద్ద ప్యాకెట్ మొత్తం లీటర్ నీళ్లల్ల కలపాలె, సగం ప్యాకెట్ గిలాసల కలిపే అలవాటు మంచిది కాదు.

రోడ్డు మీద పడిపోయినోళ్లను చూస్తే

ఇక్కడ మనోళ్లు ఆగంది పోలీస్ కేసు భయానికి. ఆ భయం ఇగ పెట్టుకోవద్దు. 2016ల సుప్రీంకోర్టు చెప్పింది, తర్వాత 2019ల మోటార్ వాహనాల చట్టంల 134ఏ అని సెక్షనే పెట్టిండ్రు, సాయం చేసినోళ్ల మీద కేసు పెట్టొద్దు, పేరు చెప్పుమని బలవంతం చెయ్యొద్దు, సాక్షిగ రావాల్నంటే మీ ఇష్టం ఉంటేనే, దవాఖానోళ్లు గూడ మిమ్మల్ని పైసలు కట్టుమని ఆపొద్దు. దెబ్బలు ఎక్కువ తగిలిన మనిషిని మొదటి గంటల దవాఖానకు చేర్చినోళ్లకు కేంద్రం ఇప్పుడు 25 వేలు బహుమానం గూడ ఇస్తుంది, దానికోసం ఎవరూ చెయ్యరు గని సర్కారు మీ దిక్కే ఉందని తెల్వాలె కదా.

108కి చెప్పేటప్పుడు "హైవే మీద" అంటే వాళ్లకు ఏడ అని తెల్వది. 163 హైవేనా, ఏ ఊరు దాటినంక, హైదరాబాద్ పోయే దిక్కా ములుగు పోయే దిక్కా, పక్కన ఏ బంకు, ఏ దాబా, కిలోమీటర్ రాయి మీద ఏముంది, ఇట్ల చెప్పండి. రక్తం కారేకాడ శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగ వత్తి పట్టుకోండి, మాటిమాటికి తీసి చూడొద్దు. హెల్మెట్ గుంజొద్దు, మెడ కదిలియ్యొద్దు, నీళ్లు తాపొద్దు. మిగిలినోళ్లల్ల ఇద్దరిని పేరుపెట్టినట్టు "నీల అంగి అన్నా, నువ్వు బండ్లు ఆపు" అని వేలు చూపి చెప్తేనే కదులుతరు, అందరికీ కలిపి చెప్తే ఎవరూ కదలరు. వీడియో తీసేటోళ్లను వద్దని చెప్పండి, ఆ మనిషి ఇంటోళ్లకు కబురు ఆ వీడియోల నుంచి తెలియొద్దు.

జాతరల పిల్లలు, దొరికిన సామాను

మేడారం రెండేండ్లకు ఒకసారి వస్తది, మొన్న 2026 జనవరి చివర్ల అయింది. ఆ జనంల ఏడ్చే పిల్లగాడు ఒక్కడే కనవడితే ఎత్తుకొని అటుఇటు తిరగొద్దు, వాళ్లమ్మ మొదలు వెతికేది తప్పిపోయిన కాడనే, కాబట్టి కాసేపు అక్కడనే నిలబడి, ఇంకో ఇద్దరిని తోడు ఉంచుకొని, తర్వాత పోలీసోళ్ల క్యాంపుల మైకుల చెప్పియ్యండి. పిల్లగాడిని "మీ అమ్మ పేరేంది" అంటే అమ్మ అంటడు, "అమ్మను నాయన ఏమని పిలుస్తడు" అని అడగండి.

ఫోన్ దొరికితే స్విచ్ఛాఫ్ చెయ్యకండి, చార్జింగ్ ఉంచితే ఇంటోళ్లే కొడ్తరు. పర్సు దొరికితే ఆధార్ ఫొటో తీసి గ్రూపులల్ల పెట్టొద్దు, పర్సు దొరికిందని మాత్రమే పెట్టి, వచ్చినోళ్లను రంగేంది, లోపట ఏమేమున్నయని అడిగి ఇయ్యండి, లేదంటే పోలీస్ స్టేషన్ల అప్పజెప్పండి.

రేపు బయటికి పోయేటప్పుడు సంచిల ఏసుకునేటియి ఇవి: ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు రెండు, చిల్లర పైసలు, పెద్ద అక్షరాలతోని రాసియ్యడానికి చిన్న నోట్‌బుక్, పెన్నులు రెండు. బ్యాంకుల ఒకరికి ఇచ్చిన పెన్ను పక్కోళ్లకు పోతది, ఆడికెళ్లి ఇంకో అవ్వ చేతికి పోతది, అది అడగొద్దు, పోనియ్యండి.